పదమూడో ఊపిరి

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ చెవులపిల్లి అనేవారు. చెవులు పెద్దవని కాదు, ఆ చెవుల్లో పడకుండా ఇంట్లో ఏదీ జరిగేది కాదని. పక్క వాటాలో కుళాయి కారుతుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు. అమ్మ వంటింట్లో తనలో తాను గొణుక్కున్న మాట వీధి గుమ్మంలో కూర్చుని వినేది. వినడంతో ఊరుకోకుండా జవాబు కూడా చెప్పేది. "దీని ముందు మనసులో అనుకోవాలన్నా భయమేనే తల్లీ," అని అమ్మ తల పట్టుకునేది.

ఆ చెవులు తండ్రివి. ఆయన రైల్వేలో చక్రాలు తట్టే మనిషి. బండి స్టేషన్లో ఆగగానే పొడుగు పిడి సుత్తి పట్టుకుని, పట్టాల పక్కన వంగి నడుస్తూ, ఒక్కో చక్రాన్నీ ఒక్క దెబ్బ కొట్టేవాడు. మంచి చక్రం ఖంగున మోగుతుంది. పగులున్నది బొంగురుగా పలుకుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేసిందల్లా ఆ రెంటికీ తేడా కనిపెట్టడమే. సెలవుల్లో కూతుర్ని వెంట తీసుకెళ్లి, "కళ్లు మూసుకో. ఎన్నోది తేడాగా మోగిందో చెప్పు," అనేవాడు. పదేళ్లు నిండకముందే ఆ పిల్ల తడుముకోకుండా చెప్పేసేది.

పద్దెనిమిదో ఏట ఆమెకు భౌతికశాస్త్రంలో సీటు వచ్చింది. ఒక మతసంస్థ నడిపే విశ్వవిద్యాలయం అది. ఇంటి నుంచి రైల్లో తొమ్మిది గంటలు. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పూట పూటకూ ప్రార్థన చేసుకునే మనిషి ఆమె. కూతురు దేవుడి నీడన చదువుకుంటుందంటే ఇంకేం కావాలి. తండ్రికి మాత్రం దేవుడితో అంత పరిచయం లేదు. "తట్టి చూడ్డానికి వీల్లేని దాని గురించి నేనేం చెప్పను," అనేవాడు. అయినా పెట్టె మోసుకుంటూ తోడు వచ్చింది ఆయనే.

హాస్టల్ గది మూడో అంతస్తులో ఉంది. రెండు ఇనుప మంచాలు, రెండు బల్లలు, ఒక తలుపు మూసుకోని బీరువా. కిటికీలోంచి చూస్తే కింద బట్టలారేసే పెరడు, తీగల మీద వరసగా తెల్ల దుప్పట్లు. తండ్రి రెండు మంచాల కోళ్లూ ఊపి చూసి, కిర్రుమనని మంచం మీద కూతురి పక్క పరిచాడు. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "ఏమ్మా, ఉండగలవా?" అన్నాడు. ఆమె తలూపింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆయన గబగబా మెట్లు దిగిపోయాడు. గేటు దాటేదాకా ఆ చెప్పుల చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది.

అక్కడ పాఠాలు చెప్పేవాళ్లలో సగం మంది దీక్ష తీసుకుని ఆ ఆవరణలోనే జీవితమంతా గడిపేసే స్త్రీలు. వాళ్లను అందరూ అక్కగారు అనేవారు. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, గంట కొడితే మాటలు ఆపాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇంకో నియమం కూడా ఉండేది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పన్నెండు మందేసి చొప్పున మౌనగదిలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పుస్తకం కూడదు, జపం కూడదు, కునుకు అసలే కూడదు.

మౌనగది పాత భవనం చివర ఉంది. పొడుగాటి గది, సున్నం గోడలు, అందనంత ఎత్తులో కిటికీలు. మూడు గోడల వెంబడీ చెక్క బెంచీలు. నాలుగో గోడ దగ్గర కూడా ఒక బెంచీ ఉంది కానీ దాని మీద ఎవరూ కూర్చోరు. ఎందుకని అడిగితే తాళాలగుత్తి నడుముకు కట్టుకుని తిరిగే అక్కగారు, "పన్నెండు మందికి మూడు బెంచీలు చాలవా అమ్మా," అంది. ఆ తాళాల అక్కగారు పిల్లల్ని లోపలికి పంపి, తలుపు దగ్గరగా వేసి, తను బయట ముక్కాలి పీట మీద కూర్చునేది.

మొదటి రోజు చెవులపిల్లికి పెద్దగా ఏమీ తోచలేదు. ఇల్లు గుర్తొచ్చింది, అంతే. రెండో రోజు పొద్దుపోక, తండ్రి నేర్పిన ఆట మొదలుపెట్టింది. కళ్లు మూసుకుని గదిలోని ఊపిరులు ఒక్కొక్కటే విడదీయడం. తన గదిలో ఉండే పిల్లకు ఎప్పుడూ జలుబే, అందరూ తుమ్ములపిల్ల అంటారు. ఆ ముక్కు బరబర తేలిగ్గా దొరికింది. మూలనున్న పొడుగమ్మాయి నోటితో పీలుస్తుంది. ఇంకో అమ్మాయి నాలుగు ఊపిరులకోసారి నిట్టూరుస్తుంది. అలా ఒక్కొక్కరినీ పక్కన పెట్టుకుంటూ వచ్చి, చివరికి తనది కూడా కలిపి లెక్కేసుకుంటే పదమూడు వచ్చాయి.

ఎక్కడో తప్పానులే అనుకుని మళ్లీ మొదలెట్టింది. మళ్లీ పదమూడే.

పదమూడోది ఎవరూ కూర్చోని బెంచీ వైపు నుంచి వస్తోంది. చాలా నెమ్మదైన ఊపిరి. ఈమె మూడుసార్లు పీల్చేలోగా అది ఒక్కసారి పీల్చేది. వదిలేటప్పుడు చివర్లో, గుడ్డ మేకుకు తగులుకున్నట్టు, చిన్నగా పట్టేసి ఆగేది. ఆగినప్పుడల్లా ఇక రాదేమో అనిపించేది. అంతలో మళ్లీ వచ్చేది.

ఆమె కళ్లు తెరిచింది. బెంచీ ఖాళీగా ఉంది. కూర్చునే చోట చెక్క మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది.

వారం రోజులు రోజుకో చోట కూర్చుంది. ఎక్కడ కూర్చున్నా ఊపిరి ఆ వైపు నుంచే. అన్నం సహించడం మానేసింది. పాఠాలు వింటుంటే మాస్టారి మాటల సందుల్లో కూడా ఆ పట్టేసే చప్పుడు కోసం చెవి తనకు తెలియకుండానే వెతుక్కునేది. చివరికి ఉండబట్టలేక తుమ్ములపిల్లతో చెప్పింది.

తుమ్ములపిల్ల ముందు నవ్వింది. "నా ముక్కే రెండుసార్లు విని ఉంటావు. నా ముక్కు ఇద్దరి పెట్టు." అయినా స్నేహితురాలి ముఖం చూసి, మర్నాడు లోపలికి వెళ్లేటప్పుడు కావాలని చేతిరుమాలు జారవిడిచి, ఏరుకునే నెపంతో ఆ బెంచీ మీద అరచేయి ఆనించి వచ్చింది. బయటికి వచ్చాక చేయి రుద్దుకుంటూ ఉంది.

"ఊపిరీ లేదు గీపిరీ లేదు. నాకేం వినపడలేదు," అంది. అరచేయి ఇంకోసారి చూసుకుని, "కానీ ఆ చెక్క వెచ్చగా ఉందే. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు," అంది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు కూడా.

ఆదివారం సాయంత్రం హాస్టల్ ఫోను దగ్గర వరసలో నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. అమ్మ తిన్నావా, దుప్పటి సరిపోతోందా అని అన్నీ అడిగాక తండ్రి అందుకున్నాడు.

"నాన్నా, ఉండాల్సిన చప్పుళ్ల కంటే ఒకటి ఎక్కువ వినిపిస్తే ఏం చేస్తావు?"

ఆయన ఎందుకని అడగలేదు. చప్పుళ్ల విషయంలో ఆ ఇంట్లో వేళాకోళాలు లేవు.

"చప్పుడు ఇనుము వెంట పాకుతుందమ్మా. ఒక చోట పుట్టి ఇంకో చోట పలుకుతుంది. పలికిన చోట నిలబడి ఎంత చూసినా ఏం కనపడదు. అది ఎటు వైపు నుంచి పాకి వచ్చిందో చూడు."

మర్నాడు ఆ గోడను పరీక్షగా చూసింది. బెంచీ కింద, నేలకు జానెడు ఎత్తున, అరచేయంత ఇనుప జాలీ ఉంది. గాలి కోసం పెట్టింది. "ఆ గోడ వెనక ఏముందండీ?" అని తాళాల అక్కగారిని అడిగింది. "గోడ వెనకేముంటుందమ్మా, ఇంకో గోడ," అని ఆవిడ తాళాలు సర్దుకుంది. చెవులపిల్లి ఊరుకోలేదు. భవనం బయట అడుగులు కొలుచుకుంటూ చుట్టూ తిరిగి, మౌనగది వెనక భాగం వైద్యశాలకు తగులుతుందని తేల్చుకుంది. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి లోపలికి వెళ్లింది.

లోపల నాలుగు మంచాలున్నాయి. మూడు ఖాళీ. గోడకు ఆనించిన మూడో మంచం మీద ఒక ముసలి అక్కగారు పడుకుని ఉంది. కింద గోడలో అదే జాలీకి రెండో ముఖం. ఆ ముసలావిడ ఊపిరి నెమ్మదిగా లోపలికి పోయి, బయటికి వస్తూ చివర్లో, గుడ్డ మేకుకు తగులుకున్నట్టు, పట్టేసి ఆగింది. ఆ పిల్ల అక్కడే స్టూలు మీద కూలబడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నర్సు వచ్చి నుదురు చూసి, "జ్వరం లేదే," అంది.

"లేదండీ. తగ్గిపోయింది."

ముసలి అక్కగారు ఆరేళ్లుగా ఆ మంచం మీదే ఉందట. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజు నుంచి చెవులపిల్లి సాయంత్రం పాఠాలయ్యాక అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది. దిండు సర్దేది, జుట్టు దువ్వేది, ఇంటి కబుర్లు చెప్పేది. తండ్రి పని గురించి చెప్తే ముసలావిడ శ్రద్ధగా వినేది. ఇంటి మీద బెంగ కూడా కొంత తగ్గింది. మధ్యాహ్నం మౌనగదిలో ఆ ఊపిరి వినిపిస్తుంటే ఇప్పుడు భయం లేదు సరికదా, తోడున్నట్టుండేది. నెల రోజులు అలా గడిచాయి.

ఒక సాయంత్రం జుట్టు దువ్వుతుండగా ముసలావిడ అడిగింది, "నువ్వు మొదటిసారి నన్ను చూడ్డానికి ఎందుకొచ్చావమ్మా? జ్వరమని మాత్రం చెప్పకు."

చెవులపిల్లి సిగ్గుపడుతూ అంతా చెప్పేసింది. పన్నెండు మంది, పదమూడు ఊపిరులు, జాలీ, అడుగులు కొలవడం. ముసలావిడ నవ్వుతుందనుకుంది. ఆవిడ నవ్వలేదు.

"నేనూ ఇక్కడే చదువుకున్నాను. యాభై అయిదేళ్ల కిందట మొదటి సంవత్సరం. మాదీ పన్నెండు మంది జట్టే. నాకూ పదమూడు వినపడేవి."

దువ్వెన ఆగిపోయింది. "అప్పుడు ఈ మంచం మీద ఎవరుండేవారండీ?"

"అప్పుడిక్కడ మంచాలెక్కడివి? ఇది విరిగిన కుర్చీలు పడేసే గది. ఎప్పుడూ తాళమే. నేను ఒకసారి తాళం తీయించి చూశాను కూడా. దుమ్ము తప్ప ఏమీ లేదు."

"మరి అది..."

"నెమ్మదిగా ఉండేది. చివర్లో పట్టేసేది. ఎవరిదా అని చదువు నాలుగేళ్లూ ఆలోచించాను. తేలక, వదిలి పోవడానికి మనసు రాక, ఇక్కడే దీక్ష తీసుకున్నాను. ఆరేళ్ల కిందట నాకీ ఊపిరి జబ్బు వచ్చింది. ఈ మంచం మీద పడుకోబెట్టారు. మొదటి రోజు కళ్లు మూసుకుని నా ఊపిరి నేనే విన్నాను." ఆవిడ చెవులపిల్లి మణికట్టు పట్టుకుంది. ఆ చేయి పొడిగా, కాగితంలా ఉంది. "భయపడకమ్మా. తెలిశాక నాకు భయం పోయింది. నన్ను నేనే ముందుగా విన్నాను, అంతే."

చెవులపిల్లి ఆ రోజు గదికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. రెండు రోజులు వైద్యశాల వైపు వెళ్లలేదు. మూడో రోజు, ముసలావిడ జుట్టు చిక్కులు పడి ఉంటుందని గుర్తొచ్చి, వెళ్లింది. ఇద్దరూ ఆ మాట మళ్లీ మాట్లాడుకోలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మౌనగదిలో కూర్చుని ఉండగా ఆ ఊపిరి లోపలికి పోయింది, బయటికి వచ్చింది, చివర్లో పట్టేసింది. పట్టేసి అలాగే ఉండిపోయింది. చెవులపిల్లి వంద లెక్కపెట్టింది. తర్వాత నియమం సంగతి మరిచిపోయి లేచి, తలుపు తోసుకుని, తాళాల అక్కగారు పిలుస్తున్నా ఆగకుండా పరుగెత్తింది. వైద్యశాలలో నర్సు కిటికీ దగ్గర గుడ్డలు మడత పెడుతోంది. ఆవిడకు ఇంకా తెలియదు. "ఆవిడ వెళ్లిపోయారండీ," అని ఈ పిల్ల చెప్తే ముందు మంచం వైపు చూసింది, తర్వాత ఈ పిల్ల వైపు వింతగా చూసింది.

ఆ తర్వాత మౌనగదిలో పన్నెండే. రోజూ లెక్కపెట్టేది. పన్నెండే వచ్చేవి. ఇంత నిశ్శబ్దం భరించలేనిదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ముసలావిడ చెప్పిందంతా మందుల మత్తులో పుట్టిన మాటేమోనని మనసుకు సర్ది చెప్పుకుంది. వైద్యశాలలో ఆ మంచం ఖాళీగా ఉంది. పరుపు కూడా తీసేసి ఎండలో వేశారు.

మూడో వారంలో, మామూలుగా లెక్కపెడుతుంటే, పదమూడు వచ్చాయి.

ఇది వేరే ఊపిరి. ఎక్కడా పట్టడం లేదు. నిదానంగా, నింపాదిగా సాగుతోంది. లోపలికి పీల్చినప్పుడు మాత్రం సన్నటి ఈల. ఎక్కడో విన్నట్టుంది. ఎవరిదో చప్పున అందడం లేదు. ఆమె ఊపిరి బిగబట్టి వింది. ఈల ఆగలేదు. ఎవరిదో తెలుసుకోవాలని లేదు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, ఒక్కసారి రా," అంది. "ఎందుకే?" అని అమ్మ వెనక నుంచి అరుస్తుంటే ఆయన, "వస్తున్నా," అని పెట్టేశాడు.

తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం పిల్లలతో మౌనగదిలో కూర్చోవచ్చు. తండ్రి ఉతికిన చొక్కా వేసుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక, కూతురి పక్కన బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. ఆమె ఆయనకు ఏమీ చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. నలభై నిమిషాలూ ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. మధ్యలో ఒకసారి మాత్రం తల కొంచెం పక్కకు తిప్పాడు. పట్టాల పక్కన తేడా వినపడినప్పుడు అలాగే తిప్పేవాడు.

బయటికి వచ్చి, దుప్పట్లు ఆరేసిన పెరట్లో తిన్నె మీద కూర్చున్నారు. ఆయన చెప్పులు విప్పి కాళ్లు ముందుకు చాపాడు.

"పన్నెండు మంది పిల్లలు, నేనొకణ్ణి. పదమూడు. నాకు పద్నాలుగు వినపడ్డాయి," అన్నాడు.

ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది.

"నీది రెండుసార్లు విన్నానమ్మా."

"నాదేనని నీకెలా తెలుసు?"

"నాలుగేళ్లప్పుడు ప్లాట్‌ఫారం మెట్ల మీద పడి ముక్కు విరగ్గొట్టుకున్నావు. అప్పటి నుంచి ఎడమ వైపు ఈల వేస్తుంది. పక్కన పడుకుని ఎన్నేళ్లు విన్నాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" ఆయన చెప్పుల్ని ఒక పక్కకు జరిపాడు. "ఒకటి ఇప్పటిది. గాభరా పడుతోంది. రెండోది పెద్దదానిది. బాగా ముసలిదానిది. దానికి ఏ గాభరా లేదు. నొప్పీ లేదు. జాగ్రత్తగా విన్నాను, ఎక్కడా తేడా లేదు."

తీగల మీద దుప్పట్లు గాలికి లేచి పడుతున్నాయి. ఆయన ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "నీ ముసలితనం దాకా నేనుండను కదా. వినేశాను. నాకది చాలు."

ఆమె ఆయన భుజం మీద తల వాల్చి ఏడ్చింది. భయంతో ఏడ్చిందో ఇంకెందుకో ఆమెకు అప్పుడు తెలియలేదు. ఇంటికి తీసుకెళ్లిపోనా అని ఆయన అడిగాడు. వద్దంది. పరీక్షలున్నాయంది.

చదువు పూర్తయ్యాక ఆమె అక్కడ ఒక్క రోజు కూడా ఉండలేదు. దూరంగా ఒక ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం చూసుకుంది. పెళ్లి చేసుకుంది. ఆయన మ్యాపులు గీసే ఉద్యోగి, ఒక చెవి సరిగ్గా వినపడదు. పరీక్షకు వచ్చినవాడే. ఇద్దరు పిల్లలు. తండ్రి పోయినప్పుడు ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. విశ్వవిద్యాలయం నుంచి పాఠాలు చెప్పడానికి రమ్మని మొదటిసారి ఉత్తరం వస్తే చింపేసింది. ఆరేళ్ల తర్వాత రెండోది వచ్చింది. దాన్ని పది రోజులు బల్ల మీద ఉంచి, "వెళ్దామా?" అని భర్తను అడిగింది. ఆ కథ ఆయనకు ఎప్పుడో చెప్పింది. "నీ ఇష్టం. నాకెలాగూ ఏం వినపడదు," అన్నాడాయన.

అలా వచ్చి పదిహేడేళ్లయింది. మౌనగదిలోకి ఆమె అడుగు పెట్టదు. పిల్లలెవరైనా అన్నం మానేసి కళ్ల కింద గుంటలతో కనిపిస్తే మాత్రం ఇంటికి పిలిచి కడుపునిండా పెడుతుంది, ఏమీ అడగదు.

మొన్న ఆఫీసు గుమస్తా సిబ్బంది కాగితాలు నింపుతూ ఆమె దగ్గరికి వచ్చాడు. పదవీ విరమణ తర్వాత ఆవరణలోనే ఉండదలచినవాళ్లు, మంచాన పడితే తమను ఎక్కడ ఉంచాలో ముందే రాసివ్వాలట. ఆమె ఆ గడిని రెండేళ్లుగా ఖాళీగా వదిలేస్తోంది.

"ఈసారైనా రాయండి మేడమ్. పెద్దక్కగారు నా ప్రాణం తీస్తున్నారు."

ఆమె కలం తీసుకుని, వైద్యశాల, గోడ వైపు మూడో మంచం అని రాసింది.

గుమస్తా తల వంచి చదివాడు. "అక్కడ వెలుతురుండదండీ. కిటికీ పక్కది బాగుంటుంది. మార్చమంటారా?"

"వద్దు బాబూ. అదే ఉండనివ్వండి," అని సంతకం పెట్టి కాగితం ఇచ్చేసి, సుద్దముక్కలు తీసుకుని క్లాసుకు వెళ్లింది.